చచ్చినోడి కండ్లు చారెడు

మన తెలుగోళ్లకి ఒక అలవాటుంది. బతికున్నన్నాళ్లూ తిట్టినోడే చచ్చిన పూట అందరికంటే ముందు దండ పట్టుకుని నిలబడతాడు. ‘చచ్చినోడి కండ్లు చారెడు’ అని మా అమ్మ ఊరకే అనదు. బతికున్నప్పుడు గుడ్డోడా అని పిలిచినోళ్లే శవం పక్కన కూర్చుని, ఎంతెంత కండ్లయ్యా నీవి అని రాగం తీస్తారు. మామూలు మనిషి చస్తే ఈ రాగం మూడో రోజుకి ఆగిపోతాది. పత్రికల మనిషి చస్తే ఆగదు. అచ్చవుతాది. ఫ్లెక్సీ అవుతాది. రోడ్డుకి పేరవుతాది.

2024 జూన్ 8న తెల్లవారుజామున హైదరాబాదులో రామోజీరావు పొయ్యాడు. 87 ఏళ్లు. ఎన్నికల ఫలితాలొచ్చి నాలుగు రోజులు. మేము అయ్యవార్లం ఎన్నికల డ్యూటీలు చేసి ఇంకా నిద్ర తీరకుండా ఉన్నాం. బడులు తెరవడానికి అయిదు రోజులుంది. పొద్దున ఏడు గంటలకల్లా మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. అక్షర యోధుడు, ఒక శకం ముగిసింది, తెలుగు జాతికి తీరని లోటు. నెల ముందర పోలింగు రోజుల్లో అదే గ్రూపులో ఆయన పత్రికని కులం పేరు పెట్టి బూతులు తిట్టిన సారే అందరికంటే ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. నేను పాత మెసేజీ వెతికి పట్టుకుని, సార్, ఇది మీరు రాసిందే గదా అని అడిగా. ‘సందర్భం తెలుసుకోండి మాస్టారూ’ అన్నాడు. సందర్భమంటే ఏందో నాకు తెలుసు. నిన్న ఓటు పడాల, ఈ రోజు గెలిచినోళ్ల కంట్లో పడాల.

ఈ సారుని వదిలేద్దాం, ఆయనది చిన్న చేప బతుకు. పెద్దోళ్ల సంగతి చూడండి. 2023 ఏప్రిల్‌లో మార్గదర్శి చిట్‌ఫండ్ కేసులో రాష్ట్ర సీఐడీ రామోజీరావు ఇంటికి పొయ్యి ప్రశ్నించింది. మంచం మీద పడుకున్న ముసలి మనిషి, చుట్టూ అధికార్లు. ఆ ఫొటో ఊరూరా తిరిగింది. ఆనాటి ప్రభుత్వాన్ని నడిపిన జగన్మోహనరెడ్డే ఏడాది దాటాక ఆయన చనిపోయిన పూట విచారం ప్రకటించాడు. తెలుగు పత్రికలకి దశాబ్దాల తరబడి సేవ చేశాడని మెచ్చుకున్నాడు. మరి ఆ సేవ ముందటేడు ఏప్రిల్‌లో కనపడలేదా? కేసు నిజమైతే చావు రోజున కూడా కేసు నిజమేనని చెప్పాల. సేవ నిజమైతే మంచం ఫొటో ఊరేగిన రోజున కూడా సేవ గుర్తుండాల. రెండూ నిజమైతే రెండూ కలిపి చెప్పాల. మన సంతాపానికి అంత ధైర్యం ఉండదు.

అవతల పక్కన ఇంకో తీరు. తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో రెండు రోజులు సంతాప దినాలు. జూన్ 27న విజయవాడ పక్కన కానూరులో ప్రభుత్వమే సంస్మరణ సభ పెట్టింది. 2016లోనే పద్మవిభూషణ్ వొచ్చిన మనిషికి భారతరత్న కూడా రావాలని చంద్రబాబునాయుడు అన్నాడు. అమరావతిలో ఒక రోడ్డుకి ఆయన పేరు పెడతామన్నాడు. దీన్ని నేను దొంగ ఏడుపు అనను. వాళ్ల దుఃఖం నిజమే అయ్యుండొచ్చు. కానీ తన మనిషి పోతే ఏడిచేది బంధుత్వం. బంధువుల ఏడుపుకి ఖజానా ఎందుకయ్యా?

నేను రామోజీరావుని తిట్టడానికి కూర్చోలేదు. చచ్చిపోయిన మనిషిని తిట్టడం కూడా పొగడ్తకి తోబుట్టువే, ఆయన లేచొచ్చి జవాబు చెప్పలేడు గదా. నేను మాట్లాడేది బతికున్నోళ్ల నోళ్ల గురించి. ఇంకో సంగతి, ఆయన పత్రికకి నేనూ కొంత బాకీ ఉన్నా. ఆ బాకీ ఏందో ఇక్కడే చెప్పేస్తా, వాట్సాపులో దండం బొమ్మ పెట్టడం కంటే అది మేలు.

మాది కావలి కిందట సముద్రం పక్క ఊరు. ఊరికి తూర్పున మాదిగపాళెం, పాళెం దాటితే బకింగ్‌హాం కాలవ, కాలవ దాటితే పట్టపోళ్ల పాళెం, ఆ పైన సముద్రం. ఊళ్లోకి పత్రిక పొద్దున్నే సైకిలు మీద వొచ్చేది. మా పాళెంలోకి పొట్లంగా వొచ్చేది. బజ్జీలు కట్టిన కాయితం, బెల్లం కట్టిన కాయితం, ఉప్పుచేప చుట్టిన కాయితం. నూనె మరకల కింద అక్షరాలు కూడబలుక్కుని నేను చదవడం నేర్చుకున్నా. వార్త సగమే ఉండేది, మిగతా సగం ఇంకొకరి బజ్జీలతో పొయ్యేది. మా నాయనకి చదువు రాదు, అమ్మకి అప్పుడే నాలుగక్షరాలు వొచ్చాయి. మా వంశంలో డిగ్రీ పట్టా చూసింది నేనే మొదలు. బీఈడీ అయ్యాక డీఎస్సీకి చదువుకునే రోజుల్లో కోచింగుకి డబ్బుల్లేవు. టీ బంకు అన్న దగ్గర బతిమాలి ఈనాడులో ‘ప్రతిభ’ పేజీలు కత్తిరించి తెచ్చుకునేవాణ్ని. ఆ కత్తిరింపులతో కుట్టుకున్న పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఉద్యోగం వొచ్చింది నా కష్టం వల్ల, రిజర్వేషన్ వల్ల, అంబేద్కర్ వల్ల. ఆ పేజీల వల్ల కూడా. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అమ్మకి అక్షరాలు వొచ్చాయన్నా గదా, ఆ కథ నెల్లూరు జిల్లా కథ. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి పూట లాంతరు కింద ఆడోళ్లు పలకలు పట్టుకున్నారు. చదువుకున్న పాఠాల్లో సారా మాటొచ్చింది. దూబగుంటలో ఆడోళ్లు లేచి సారా దుకాణం ఎత్తేయించారు. ఆ ఊరు కలిగిరి మండలం, మా సముద్రానికి దూరమే. కానీ కబురుకి కాళ్లుంటాయి. 1992లో ఆ మంట జిల్లా అంతా అంటుకుంది. మా పాళెంలో సారా ప్యాకెట్లు వొచ్చే జీపుకి అడ్డంగా పడుకున్నోళ్లలో మా అమ్మ ఉంది, చంకలో నాలుగేళ్ల నేనున్నా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది.

ఈ ఉద్యమానికి ఈనాడు పేజీలకి పేజీలిచ్చింది. అది నిజం. నెల్లూరు ఆడోళ్ల మాట హైదరాబాదుకి, ఢిల్లీకి పొయ్యిందంటే అందులో పత్రిక చెయ్యి ఉంది. నివాళి రాసినోళ్లు చాలామంది ఈ సంగతిని తలుచుకోవడం నేను చూశా. కానీ ఎట్టా తలుచుకున్నారు? సారా ఉద్యమాన్ని ‘నడిపిన’ రామోజీరావు అని. నడిపింది ఎవరు సామీ? జీపు కింద పడుకున్నది ఎవరు? ఇంటికొచ్చి మొగుడి చేతిలో దెబ్బలు తిన్నది ఎవరు? ఉద్యమాన్ని అచ్చేసిన మనిషిని అచ్చేశాడని చెప్పండి, అది చిన్న పనేం గాదు. నడిపాడని చెప్తే మా అమ్మ దగ్గిర దొంగతనం చేసినట్టు. వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మ అని దేశమంతా పిలిచిన ఆ ముసలామె, 2016లో కాలం చేసింది. ఆమెకి రెండు రోజుల సంతాప దినాలు పెట్టారా? జెండాలు దించారా? దూబగుంటలో మొదలుపెట్టిన మనిషికి లేని లాంఛనం, దాన్ని అచ్చేసిన మనిషికి వొచ్చింది. లెక్క తెలిసిపోతాంది గదా.

మా అమ్మ ఫొటో కూడా అప్పుడు ఒక పత్రికలో పడిందంట. ఏ పత్రికో నేను చెప్పను. ‘ఆందోళన చేస్తున్న మహిళలు’ అని కింద రాశారు. పదకొండు మంది ఆడోళ్లు, ఒక్క పేరు లేదు. పక్కనే నిలబడిన ఎస్సై పేరు మాత్రం ఉంది.

నాకు వార్త అంటే మా తాత గుర్తొస్తాడు. మా తాత ఊరికి వెట్టి. ఊళ్లో పెద్దకులపోళ్ల ఇంట్లో చావు జరిగితే బంధువుల ఊళ్లకి కబురు మోసేది ఆయనే. కాలవ గట్టు పట్టుకుని రాత్రికి రాత్రి పది మైళ్లు నడిచేవాడు. పొయ్యి వాకిలి బయట నిలబడి, ‘అయ్యా, ఫలానా ఊళ్లో ఫలానా అయ్య జాముపొద్దుకి కాలం చేశాడు, పొద్దుగూకే లోపల దహనం’ అని చెప్పాల. ఊరి పేరు తప్పితే తన్నులు, వేళ తప్పితే తన్నులు. మహానుభావుడు అనకూడదు, తీరని లోటు అనకూడదు, ఎవరూ అడగలేదు. తెచ్చిన కబురుకి చెయ్యి చాపితే తవ్వెడు వడ్లు పైనుంచి పోసేవాళ్లు. మళ్లీ వెనక్కి నడిచొచ్చి పాడె ముందర డప్పు కొట్టేవాడు. డప్పు కొట్టాడేగాని దొంగ ఏడుపు ఏడవలేదు. చచ్చిన ఆసామి తనని చింతచెట్టుకి కట్టి కొట్టినోడైతే, ఆ సంగతి రాత్రికి మా నాయనమ్మకి చెప్పుకునేవాడంట, మనసులో ఏముందో అదీ. ఈ దేశంలో మొదటి విలేకరి ఎవరని నన్నెవరన్నా అడిగితే చావు కబురు మోసిన మాదిగోడని చెప్తా. జీతం లేదు, పేరు లేదు, కబురు మాత్రం తప్పు పోకూడదు.

మా అన్న కూడా ఆ తాత మనవడే. మా పెద్దమ్మ కొడుకు. ఇంటర్ తర్వాత చదవలేక 2010లో ఒక పత్రికకి మండల కంట్రిబ్యూటర్‌గా చేరాడు. పదకొండేళ్లు చేశాడు. బయటోళ్లకి తెలియదేమో, కంట్రిబ్యూటర్‌కి జీతం ఉండదు. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి ఇన్ని లైన్లకి ఇంత అని లెక్క గడతారు. లైన్ ఎకౌంట్ అంటారు. నెలకి పెట్రోలు ఖర్చు రాదు. దానికి బదులు ఆగస్టు 15కి, జనవరి 26కి, సంక్రాంతికి ప్రకటనలు తేవాల, టార్గెట్ ఉంటాది. ఎవడు ప్రకటన ఇస్తాడో వాడి మీద వార్త రాయగూడదు, ఎవడి మీద వార్త రాయాలో వాడి దగ్గరే ప్రకటనలకి డబ్బులుంటాయి. అయినా మా అన్న రాశాడు. రొయ్యల గుంటల ఉప్పునీళ్లు మా పాళెం ఊటబావిలో కలుస్తున్నాయని నాలుగుసార్లు పంపాడు. ఒక్కసారి వొచ్చింది, అయిదు లైన్లు, గుంటల ఆసామి పేరు లేకుండా. మాదిగల శ్మశానానికి దారి దున్నేశారని రాస్తే ఆ వార్త యాడో దారిలోనే చచ్చిపోయింది.

గుంటల ఆసామి పార్టీ మనిషి కూడా. మా అన్న వాళ్లింటికి పోతే వరండా దాకానే. అందరికీ గాజు గ్లాసులో టీ, ఈయనకి ప్లాస్టిక్ కప్పు. ‘రిపోర్టరు గదా, గౌరవంగా కొత్త కప్పు’ అని నవ్వేవాడంట. ఒక జనవరి 26కి ఆ ఆసామి పెద్ద ప్రకటన ఇచ్చాడు, మూడు జెండాల మధ్యలో తన ఫొటో. డబ్బులు ఇవ్వలేదు. ఇదిగో అదిగో అని రెండేళ్లు తిప్పాడు. పత్రిక వాళ్లు ఆగలేదు, ఆ బాకీ మా అన్న లైన్ ఎకౌంట్‌లో పట్టుకున్నారు. 18,600 రూపాయలు.

2021 మే నెలలో మా అన్న కరోనాతో పొయ్యాడు. ముప్పై తొమ్మిదేళ్లు. కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం కిలోమీటర్ల పొడుగునా నిలబడ్డారే, ఆ నెల. మంచం దొరికేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. మరసటి రోజు పత్రికలో ఒక మూల వార్త వొచ్చింది, ‘విలేకరి మృతికి పలువురి సంతాపం’. అందులో సంతాపం తెలిపినోళ్ల పేర్లు పద్నాలుగు ఉన్నాయి, పదవులతో సహా. చచ్చిన మనిషి పేరు ఒకటే సారి, అందులోనూ ఇంటిపేరు తప్పు. ఆయన పెళ్లాం పేరు లేదు, ఇద్దరు పిల్లలున్నారని లేదు. మా తాత ఇట్టాంటి కబురు మోసుంటే ఊళ్లో చెట్టుకి కట్టేసేవాళ్లు.

కర్ఫ్యూ సడలించాక మండలం సెంటర్లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ కట్టారు. పైన కుడిపక్క రాష్ట్ర నాయకుడు, ఎడమపక్క జిల్లా నాయకుడు, కింద వరసగా చోటా నాయకులు, మధ్యలో రెండు చేతులెత్తి దండం పెడుతూ గుంటల ఆసామి. మా అన్న యాడున్నాడా అని మా పెద్దమ్మ వెతుక్కుంది. దీపం బొమ్మ పక్కన, స్టాంపంత. ఆసామి మైకు పట్టుకుని, ‘కలాన్ని నమ్ముకుని నిక్కచ్చిగా బతికిన మనిషి, మన మండలానికి తీరని లోటు’ అన్నాడు. గొంతు కూడా వొణికించాడు. మా వదిన లేచి నిలబడింది. ‘సార్, మీ ప్రకటన డబ్బులు మా ఆయన లెక్కలో పట్టుకున్నారు, అవి ఇప్పిస్తే పిల్లల ఫీజు కడతా’ అంది. అంతే. గొడవ చెయ్యలేదు, ఏడవలేదు. స్టేజీ మీద ఒకాయన, ‘అమ్మా, ఇది దానికి సమయం కాదు’ అన్నాడు. ఆసామి, ‘చూద్దాంలేమ్మా’ అన్నాడు.

అప్పుడు నాకు ‘తీరని లోటు’ అనే మాటకి అర్థం తెలిసింది. తీర్చనని ముందే చెప్పేస్తున్నారు. తీర్చగలిగిన లోటు 18,600. దాన్ని తీర్చకుండా ఉండటానికి తీరని లోటు ఒకటి కావాల.

ఆ తర్వాత నెల దాటగానే ఇంకో చావు. కత్తి మహేష్. చిత్తూరు జిల్లా యల్లమంద దళిత పిల్లోడు, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చదివి సినిమాల మీద రాస్తూ, టీవీల్లో మాట్లాడుతూ పేరు తెచ్చుకున్నాడు. 2021 జూన్ 26న మా జిల్లాలోనే, కొడవలూరు మండలం చంద్రశేఖరపురం దగ్గర హైవే మీద ఆయన కారు లారీకి గుద్దుకుంది. జూలై 10న చెన్నైలో ప్రాణం పొయ్యింది. 44 ఏళ్లు. ఆయన మాటలన్నిటితో నాకు ఒప్పుదల లేదు. ఆయన బతికుంటే ఆయనతోనే చెప్పేవాణ్ని. టీవీ చర్చలకి ఆయన కావాల, ఆయనుంటే జనం కండ్లప్పగించి చూస్తారు. 2018 జూలైలో హైదరాబాదు నుంచి ఆరు నెలలు బహిష్కరించినప్పుడు, ఆ చర్చల్లో పక్క కుర్చీల్లో కూర్చున్నోళ్లలో ఎంతమంది నోరు విప్పారు? చచ్చినాక మాత్రం మంచి మిత్రుడు, లోతైన విమర్శకుడు, భావాలతో విభేదించినా మనిషిగా గొప్పోడు. ‘విభేదించినా’ అనే మాట లేకుండా దళితుడికి ఒక్క నివాళి అన్నా వొస్తాదేమో చూడండి. దండలోనే ముల్లు గుచ్చి వేస్తారు.

ఆ రోజు ఇంకో గుంపు కూడా ఉంది. ఆయన చావుకి సోషల్ మీడియాలో నవ్వుల బొమ్మలు పెట్టినోళ్లు, దేవుడు శిక్షించాడని సంబరపడినోళ్లు. నీచమే. కానీ ఒక మాట చెప్తా, కోపగించుకోవద్దు. నవ్వినోళ్లు మనసులో ఉన్నదే బయటపెట్టారు. వాళ్లెవరో మనకి తెలిసింది, ఎదురుగా నిలబడి కొట్లాడొచ్చు. దండం పెట్టినోళ్లతో ఎట్టా కొట్లాడేది?

మన పెద్దోళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక, చీరాల శిబిరంలో కూర్చున్నోళ్లకి పత్రికలెవరివో, వాటి సానుభూతి యాడ మొదలై యాడ ఆగుతాదో అర్థమైంది. బొజ్జా తారకం వాళ్లు ‘నలుపు’ పత్రిక పెట్టింది అందుకే. ఇంకా వెనక్కి పోతే 1920లోనే అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ పెట్టాడు. మూగోళ్ల నాయకుడు అని పేరు. పేరులోనే ఉంది గదా మనకి నోరు లేదని.

ఇప్పటికి నోరొచ్చిందా? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు, ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు అన్నా ఉన్నాడా అని వెతికాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది జాబితా ముందేసుకున్నాడు. 454 మందికి పేరు చివరే కులం తోక ఉంది. తోక లేనోళ్లలో 47 మందిని విడివిడిగా అడిగి చూస్తే ఒక్కడూ దళితుడు గాడు. 23 ఏళ్ల తర్వాత, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి ఇంగ్లీషు, హిందీ పత్రికల్లో, చానెళ్లలో పెద్ద కుర్చీలు లెక్కబెట్టాయి. 121 కుర్చీల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలవి సున్నా. ఈ సున్నా గురించి ఏ సంస్మరణ సభలోనూ ఎవరూ కన్నీరు పెట్టుకోరు. పెద్ద జర్నలిస్టు పొయ్యినప్పుడల్లా ‘ఆయన ఎంతోమందిని జర్నలిస్టులుగా తయారుచేశాడు’ అంటారు. అయ్యా, ఆ ఎంతోమందిలో మావోళ్లు ఎంతమంది? ఎవరు డెస్కులో కూర్చున్నారు, ఎవరు ఎండలో లైన్లు కొలిపించుకున్నారు? ఈ ప్రశ్న శవం ముందర అడగగూడదంటారు. బతికున్నప్పుడు అడిగితే ప్రకటనలు పోతాయంటారు. మరి ఎప్పుడు అడగాల?

నివాళి ఎట్టా చెప్పాలో తెలియకపోతే అంబేద్కర్ దగ్గిర నేర్చుకోండి. 1943 జనవరిలో పూణేలో రానడే జయంతి సభకి ఆయన్ని పిలిచారు. రానడే గొప్పతనం ఎక్కడుందో చెప్పాడు, ఎక్కడ తడబడ్డాడో అదీ చెప్పాడు. వ్యక్తిపూజ వొద్దన్నాడు. పత్రికలు వ్యాపారమైపోయి నాయకుల భజన చేస్తున్నాయని ఆ సభలోనే నిష్ఠూరంగా చెప్పాడు. చప్పట్లు కొట్టారో, మొహాలు మాడ్చుకున్నారో గాని, రానడేకి అంతకంటే మర్యాద ఎవరూ చెయ్యలేదని నాకనిపిస్తాది. పిల్లలకి వ్యాసం దిద్దేటప్పుడు నేను మార్కులు అట్టాగే వేస్తా. బాగున్న చోట బాగుందని రాస్తా, తప్పుకి సున్నా చుడతా. మొత్తం బాగుందని ఎర్ర సిరాతో గీత గీసి పడేస్తే ఆ పిల్లోడి పుస్తకం నేను చదవలేదని అర్థం.

మళ్లీ 2024 జూన్‌కి వొస్తా. రామోజీరావు పొయ్యిన నాలుగో రోజు మా మండలం సెంటర్లో కూడా సభ పెట్టారు. నాకు ఫోనొచ్చింది. ‘మాస్టారూ, మీ తెలుగు బాగుంటాది, ఫ్లెక్సీకి మ్యాటర్ రాసిపెట్టండి’ అని. రాశా. 1936లో కృష్ణా జిల్లా పెదపారుపూడిలో పుట్టాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలుపెట్టాడు. 1989లో జిల్లా పేజీలు తెచ్చి మన పల్లెల పేర్లు అచ్చులో కనపడేట్టు చేశాడు. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద యుద్ధం చేస్తే దాన్ని రాష్ట్రానికంతా చూపించాడు. ఆ కథలు మోసుకొచ్చిన పల్లె విలేకరులందరికీ కూడా ఈ సభ దండం పెడుతోంది. ఇంతే రాశా. అరగంటకి మళ్లీ ఫోను. ఇది చప్పగా ఉంది, పంచ్ లేదు, చివరి లైను ఎందుకు, అక్షర యోధుడు అని పెట్టండి, తీరని లోటు పెట్టండి అన్నారు. నేను పెట్టనన్నా. మా హెడ్మాస్టరు, ప్రభుత్వోద్యోగివి, నీకెందుకయ్యా ఈ గొడవ అని మందలించాడు. వాళ్లే వేరే ఎవరితోనో రాయించుకున్నారు. చూస్తే మూడేళ్ల కిందట మా అన్నకి వాడిన మాటలే, ఒక్క అక్షరం తేడా లేదు. ఫ్లెక్సీ షాపోడు కంప్యూటర్లో పాత ఫైలు తెరిచి ఫొటో మార్చినట్టున్నాడు. దండం పెడుతున్న ఆసామి కూడా అదే భంగిమలో ఉన్నాడు, కాకపోతే ఈసారి పైన నాయకుల ఫొటోలు వేరే పార్టీవి.

సభలో ఆసామి మళ్లీ గొంతు వొణికించాడు. కలాన్ని నమ్ముకుని నిక్కచ్చిగా బతికిన మనిషి అన్నాడు.

మా అమ్మకి వొచ్చి చెప్తే, ‘సచ్చినోణ్ని పొగిడితే ఖర్చేముంది నాయనా, బతికినోళ్లకి పెట్టాలంటేనే చెయ్యి రాదు’ అంది, వాకిట్లో చేపలు ఎండేస్తా.

మా వదిన ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి పోతాంది. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్లు పగిలాయి. పెద్ద పిల్ల నా బళ్లోనే చదువుకుని ఇంటర్లో చేరింది, అది కూడా పేపర్లో రాస్తానంటాది. లైన్ ఎకౌంట్ కాయితం మా వదిన దగ్గిరే ఉంది, తారీఖులతో, 18,600 కింద ఎర్రగీత గీసి. ఆ ఆసామి ఉండాడు, ఆ పత్రిక కూడా రోజూ పొద్దున్నే వొస్తాంది. మా అన్నని నిక్కచ్చి మనిషి అన్న పద్నాలుగు మందిలో ఎవరన్నా ఆ కాయితం చూడాలంటే ఆదివారం పూట పాళెంలోకి రావొచ్చు. గాజు గ్లాసులోనే టీ ఇస్తాం.